దీప పేరు మీద

పోయిన వారం మనం వినోదను ఆధార్ సెంటర్ మెట్ల మీద వదిలేసి వచ్చాం. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి కోడలు. ఒక చేతిలో పిల్లల్ని బడిలో చేర్చమనే బడిబాట కరపత్రం, ఇంకో చేతిలో కూతురు చిన్ని చెయ్యి. ఇంట్లో చిన్ని, బడి రిజిస్టరులో దీప. ఎనిమిదో తరగతికి హైస్కూల్లో చేరాలంటే పిల్ల ఆధార్ సరిచూసి రావాలన్నారు కదా, వెళ్లారు. చిన్ని పది వేళ్లూ గాజుపలక మీద పెట్టింది. మిషను పదింటినీ కాదంది. "ఈ వేళ్లు దీపవి కావమ్మా" అన్నాడు ఆపరేటరు తల ఎత్తకుండానే. పిల్ల బిత్తరపోయి తల్లి మొహం చూసింది. తల్లి మాత్రం బిత్తరపోలేదు. ఆ సంగతి మనమూ చూశాం, చిన్నీ చూసింది.

ఇంక దాచి లాభం లేదు. ఆ తల్లి కడుపులో పన్నెండేళ్లుగా ఏముందో ఈ వారం బయటపడక తప్పదు.

బళ్లు తెరిచి అయిదు రోజులైంది. గల్లీలో పిల్లలంతా పొద్దున్నే సంచులు తగిలించుకుని పోతుంటే చిన్ని గడపలో కూర్చుని చూస్తోంది. పక్కింటి పూజ తన పాత ఎనిమిదో తరగతి పుస్తకాలు ఇచ్చింది. చిన్ని వాటికి క్యాలెండరు కాగితంతో అట్టలు వేసుకుంది, లేబుళ్లు అతికించి 'దీప, 8వ తరగతి' అని గుండ్రంగా రాసుకుంది. బడి పిలిచిందా అంటే పిలవలేదు. ఆ పిల్ల ఆశ అలాంటిది.

తండ్రి సదానందం మాట ఒక్కటే. "మిషినే వద్దన్నది. ఇగ బడెందుకు. మగ్గం మీద కూసుంటది" అంటాడు. చిత్రమేమిటంటే, పోయినేడు చిన్ని క్లాసులో ఫస్టు వస్తే గల్లీ గల్లీకి బూందీ పంచిన మనిషి ఇతనే. ఇప్పుడు కరపత్రం చూస్తేనే ఒళ్లు మండిపోతోంది. నాలుగు ముక్కలు చేసి పొయ్యి దగ్గర పారేశాడు. వినోద ఏరుకుని, మెతుకులతో అతికించి, ఎండలో ఆరబెట్టుకుంది. మొగుడికి అంత కోపం ఎందుకొచ్చిందో ఆమెకు అంతుబట్టలేదు. మనకూ అంతుబట్టలేదు, కాసేపు ఓపిక పట్టండి.

మంగళవారం పదిన్నరకు ఆమె ఆ అతుకుల కాగితం కొంగున ముడేసుకుని హైస్కూలుకు పోయింది.

వరండాలో బల్ల వేసుకుని స్నేహలత మేడం కూర్చుంది. అడ్మిషన్లన్నీ ఆమె చూస్తుంది. ఎడమ పక్క పాఠ్యపుస్తకాల కట్టలు, కుడి పక్క యూనిఫారం బట్ట, ఎదురుగా లాప్‌టాప్, దాని చుట్టూ పది మంది తల్లులు. అందరివీ అవే ప్రశ్నలు. ఆమె గొంతు పోయేదాకా అవే జవాబులు.

"టీసీ ఒరిజినల్ కావాలె, జిరాక్స్ నడవది. కులం సర్టిఫికెట్ ఇప్పుడు లేకుంటే తర్వాత తెచ్చియ్యండి, ఫికర్ చెయ్యకుండ్రి. బడి తొమ్మిదిన్నరకు. అన్నం ఇక్కడనే, డబ్బా పంపుడు అక్కర లేదు. యూనిఫారం రెండు జతలు, దర్జీ కొలతలకు గురువారం వస్తడు, పిల్లను ఆ రోజు నాగా పెట్టద్దు. ఆధార్ మాత్రం కలవాలె. ఇరవై తారీఖు లోపల ఆన్‌లైన్ల పేరు ఎక్కకపోతే నేను కూడ ఏం చెయ్యలేను, ముందే చెప్తున్న."

ఇరవై అంటే ఇంకా మూడు రోజులు. వినోద స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. ఒక్కొక్కరే పుస్తకాలు మోసుకుని వెళ్లిపోయేదాకా నిలబడింది.

"నువ్వు వినోదవు కదా. పిల్లను తోలుకరాలేదేం?" అంది మేడం చెమట తుడుచుకుంటూ.

"పిల్ల ముంగట చెప్పే ముచ్చట కాదు మేడం."

"వేళ్లు కలిసినయా?"

"కలవలేదు. కలవయి కూడ." వినోద ఇటూ అటూ చూసింది. వరండాలో ఎవరూ లేరు. "దీప సచ్చిపోయింది మేడం. ఇప్పుడున్నది దాని చెల్లె."

స్నేహలత చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. ఇరవై ఏళ్ల నౌకరీలో తప్పు పుట్టినరోజులు చూసింది, ఒకే ఇంట్లో మూడు ఇంటిపేర్లు చూసింది. ఇలాంటిది వినలేదు.

చెప్పింది వినోద. ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పని మాట కదా, మొదలుపెట్టాక ఆగలేదు. చిన్ని ఏడో నెలలోనే పుట్టింది. తల్లీపిల్లా నెలా పదిరోజులు పెద్ద దవాఖానలోనే ఉండాల్సి వచ్చింది. పిల్ల అద్దాల పెట్టెలో, తల్లి ఇంకో వార్డులో. ఏడాదిన్నర వయసున్న దీపను చూసేవాళ్లు లేక, డోర్నకల్‌లో ఉండే సదానందం అక్క పూలమ్మ దగ్గర విడిచారు. పూలమ్మకు పిల్లల్లేరు, పెనిమిటి రైల్వేలో పని. దీపను కళ్లలో పెట్టుకుని చూసుకుంటుందనుకున్నారు. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజు సదానందం గోడకు ఆనుకుని కూర్చుని, జ్వరమొచ్చి పిల్ల పోయిందని, అక్కడే మట్టి చేసి వచ్చామని చెప్పాడు.

"కడసూపు కూడ దక్కలేదు మేడం. నా బిడ్డను సంపుకున్నదని పూలమ్మొదినెను నోటికొచ్చినట్లు తిట్టిన. అప్పటిసంది రాకపోకలు బంద్. పన్నెండేండ్లాయె, మళ్ల డోర్నకల్ గడప తొక్కలే."

"మరి ఈ పిల్లను దీప అని ఎందుకు రాయించినవు?"

వినోద తల దించుకుంది. తల ఎత్తకుండానే చెప్పింది. ఆ దుఃఖంలో చిన్నికి పురుడు చెయ్యలేదు, పేరు పెట్టలేదు, పుట్టిన కాగితం తేలేదు. చిన్నగా ఉంది గనక చిన్ని అన్నారు, అదే ఉండిపోయింది. అయిదేళ్లు కూడా నిండకముందే మగ్గం గుంటలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఇంట్లో ఇద్దరూ మగ్గం మీద కూర్చుంటే పిల్లను పట్టుకునేదెవరు. బడిలో పడేస్తే కంటి ముందు ఎవరో ఒకరుంటారు, మధ్యాహ్నం ఇంత అన్నం పెడతారనుకుంది. ఆరేళ్లు నిండనిదే ఒకటో తరగతిలో చేర్చుకోం అన్నారు. ట్రంకు పెట్టెలో దీప కార్డు ఉంది. తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. అంతే. పెద్దబిడ్డ పేరు పిలుస్తుంటే చిన్నబిడ్డ 'ప్రెజెంట్ మేడం' అనడం కిటికీలోంచి విని, ఆ రోజంతా ఏడ్చి, మర్నాటి నుంచి అలవాటు పడిపోయింది.

"ఏడేండ్లు" అంది స్నేహలత. కోపం వచ్చింది ఆమెకు. ఎందుకు రాదు. "ఏడేండ్ల చదువంత బతికి లేని పిల్ల పేరు మీద. కింది బడోళ్లు కూడ ఏటా ఆధార్ తర్వాత చూద్దామని దాటేసినట్టున్నరు. ఏం చేసినవో తెలుస్తాందా నీకు?"

"తెలుస్తాంది మేడం. నన్ను ఏమన్న అనుండ్రి. పిల్లను మాత్రం బడిల ఉంచుకోండ్రి. వాళ్ల బాపు మగ్గం మీద కూసోబెడ్తా అంటాండు. ఒకసారి కూసుంటే లేవది మేడం, నాకు తెల్వదా."

స్నేహలత ఒక తెల్ల కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. మంచి మనిషి. తిట్టే నోరు తిడుతూనే ఉంటుంది, చేసే చెయ్యి చేస్తూనే ఉంటుంది. "దారి లేకపోలేదు. దీప మరణ ధ్రువపత్రం తీయించు. చిన్ని పుట్టిన దవాఖానకు పోయి పాత రికార్డు అడుగు. రెండూ జతచేసి, జరిగింది జరిగినట్టు అర్జీ రాద్దాం. నేను సంతకం పెడ్త."

"మరణ పత్రం లేదు మేడం. ఎవలు తీసుకున్నరు ఆ రోజుల్ల." వినోద ముక్కు తుడుచుకుంది. "వేళ్లు కలవలేదని ఆ పిలగాడు చెప్తే నాకేం వింత అనిపియ్యలే. ఒక కడుపున పుట్టినా దాని వేళ్లు దానియే, దీని వేళ్లు దీనియే కద."

రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

"దీప పోయేనాటికి ఎంత వయసన్నవు?"

"ఏడాదిన్నర."

"ఆధార్ తీసింది అంతకుముందే కదా. అప్పుడు దాని వేళ్లు పెట్టించుకున్నరా?"

వినోద గుర్తు చేసుకుంది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఫొటో తీశారు. దీప ఏడుస్తుంటే ఎవరో తాళంచెవులు గలగలలాడించారు. వేలిముద్రలు తల్లివే తీసుకున్నారు. "లేదు. ఫొటో ఒక్కటే."

"అయిదేండ్లు నిండని పిల్లలకు వేళ్లు తీసుకోరు వినోదా. నిండినంక మళ్ల పోయి పెట్టించాలె. పెట్టించకపోతే అక్కడ ఏం ఉండది, ఖాళీ." స్నేహలత గొంతు నెమ్మదించింది. "ఖాళీ ఉంటే, ముద్రలు లేవంటది మిషిను. కలుస్తలేవు అనది. కలుస్తలేవు అన్నదంటే లోపల ఏవో వేళ్లు ఉన్నట్టే కద. అవి ఎవరివి?"

వినోదకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాలేదని అనుకోవడానికే చూసింది. మేడం అప్పటికే లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. కరపత్రం వెనకాల రాసుకొచ్చిన నంబరు, అతుకుల మధ్య నుంచి, ఒక్కో అంకె చూసి కొట్టింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. కరెంటుకు ఏమీ కాలేదు, ఫ్యాను కూడా తిరుగుతూనే ఉంది. చివరికి ఎర్ర అక్షరాల్లో ఒక వరస వచ్చింది.

"ఏమున్నది మేడం?"

"ఈ నంబరు మీద పిల్ల ఇంకో బడిల చదువుతున్నదట." స్నేహలత కళ్లద్దాలు సర్దుకుంది. "డోర్నకల్."

ఆ బడి పెద్దసారు నంబరు టీచర్ల గ్రూపులో దొరికింది. స్నేహలత ఫోను చేసి, అడ్మిషన్ పని అని చెప్పి, స్పీకరు పెట్టింది. అవతల పిల్లల గోల, గంట చప్పుడు.

"దీపనా? ఉన్నది మేడం, మా దగ్గరనే. ఎనిమిదో తరగతి. మొన్ననే బుక్కులు తీస్కపోయింది. ఏంది, టీసీ కావాల్నా?"

"కాదు సార్, పేరు సరిచూస్తాన్న. తండ్రి పేరు, తల్లి పేరు ఏమున్నయి?"

కాగితాలు తిప్పిన చప్పుడు. "తండ్రి సదానందం అని ఉన్నది, కార్డుల ఉన్నట్టే. సంరక్షకురాలు మేనత్త, పూలమ్మ. పిల్ల ఆమెనే అమ్మ అంటది. తల్లి పురిట్లనే పోయిందట, పాపం."

వినోద పుస్తకాల కట్ట మీదనే కూర్చుండిపోయింది. తాను చచ్చిపోయిందట. అక్కడ ఒక పిల్లకు, తన పిల్లకు, ఎవరో తన చావు చెప్పి పెంచారట. ఏడుపు రాలేదు. చెయ్యి చాపి ఫోను దగ్గరికి వంగింది.

"సారూ" అంది. "ఆ పిల్ల ఏ చేత్తోని రాస్తది?"

అవతల ఆయన నవ్వాడు. "అదేం సవాల్? ఎడమ చెయ్యి మేడం. బెంచీల పక్కన కూసున్న పిల్లతోని రోజూ లొల్లే, మోచెయ్యి తగుల్తాందని."

దీప ఎడమ చేత్తోనే మెతుకులు ఏరుకునేది. కుడి చేత్తో తినమ్మా అని వినోద మెల్లగా ఆ చిన్న చేతి మీద కొట్టేది. కొట్టినందుకు పన్నెండేళ్లు కుమిలిపోయింది.

స్నేహలత ఫోను పెట్టేసి కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. తాగేదాకా ఆగింది. తర్వాత చెప్పక తప్పని మాట చెప్పింది.

"విను వినోదా. బిడ్డ బతికున్నది, దేవుని దయ. కాని పేరు ఆమెది, నంబరు ఆమెది, వేళ్లు ఆమెయి. ఇక్కడున్న పిల్లకు ఏ కాగితం లేదు. ఏడేండ్ల చదువు కూడ ఆ పేరు మీదనే ఉన్నది. నువ్వు అక్కడి దీప నా బిడ్డ అన్న ఘడియ, ఇక్కడి చిన్ని బడిల లేనట్టే లెక్క." ఆమె తన చేతులు చూసుకుంది. "నేను పైకి చెప్పక తప్పదు. ఒక్కరోజు ఆగుత. రేపు పది గంటలకు నీ పెనిమిటిని తోలుకరా. ఆయన నోటితోని వినాలె."

ఇంటికి నడుస్తుంటే వినోదకు ఒక్కొక్కటే తట్టడం మొదలైంది. చిన్నిని దీప పేరుతో బడిలో వేశానని చెప్పిన రోజు సదానందం ఏమీ అనలేదు, అన్నం సగంలో వదిలేసి లేచాడు. పిల్లను తలుచుకుని బాధపడుతున్నాడనుకుంది. నెలకొకసారి నూలు కోసమని పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. డోర్నకల్ బండి వేళలు ఆయనకు నోటికి వచ్చు. కరపత్రం చింపింది చిన్ని మీద కోపంతో కాదు, భయంతో. ఛీ, ఎంత పిచ్చిదాన్ని, అనుకుంది. తాను తిట్టిన తిట్లన్నీ పడి, తిరిగి ఒక్క మాట అనని పూలమ్మ ఓపిక కూడా ఇప్పుడు అర్థమైంది.

దారి పొడుగునా తెగ ఆలోచించింది. వెళ్లి జుట్టు పట్టుకుని అడిగితే ఒప్పుకుంటాడా. ఒప్పుకోడు. కాదంటాడు, ప్రమాణం చేస్తాడు, పేరు కలిసిందేమో అంటాడు, రేపు పది గంటలకు ఊళ్లోనే ఉండడు. అప్పుడు ఇద్దరు బిడ్డలూ పోతారు.

కానీ సదానందం సంగతి ఆమెకు తెలిసినంతగా ఆయనకే తెలియదు. జంపఖానాలో పువ్వు ఎత్తేటప్పుడు ఆయన పోగులు లెక్కపెడతాడు. పైకి చదువుతూ లెక్కపెడతాడు. అప్పుడు ఏది అడిగినా, చెవి వింటుంది, నోరు చెప్తుంది, మనసు మాత్రం పోగుల మీదనే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు అనేస్తాడు. పెళ్లైన కొత్తలో కల్లు దుకాణం సంగతి ఆమె అట్లాగే రాబట్టింది. ఈ కిటుకు చెప్పుకుని గల్లీ ఆడవాళ్లు ఎన్నిసార్లు నవ్వుకున్నారో.

ఇల్లు చేరేసరికి మూడవుతోంది. సదానందం మగ్గం మీదే ఉన్నాడు. ఎర్ర అంచు అయిపోయింది, నడిమి పువ్వు మొదలైంది. వినోద కాళ్లు కడుక్కుంది. కొంగు బిగించి తన వైపు పీట మీద కూర్చుంది. వెడల్పాటి జంపఖానాకు ఇద్దరు కూర్చోవాలి, పదహారేళ్లుగా ఆ పక్క ఆయన, ఈ పక్క ఆమె. నీలం నూలు ఉండ తీసుకుంది. రెండు వరసలు నేసింది.

"ఏడికి పోయినవ్?" అన్నాడు.

"పూజోళ్లింటికి" అంది. అబద్ధం చెప్పడం ఎంత సులువో అనిపించింది.

ఆయన ముందుకు వంగాడు. వేలితో పోగులు తప్పిస్తూ మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు..."

ఆమె తొందరపడలేదు. ఇరవై దాటనిచ్చింది. ముప్పై దాటనిచ్చింది.

"తిన్నవా?"

"తిన్న. ముప్పైనాలుగు, ముప్పైఅయిదు..."

"చిన్ని ఏది?"

"దొడ్లె చదువుకుంటాంది. ముప్పైఎనిమిది, ముప్పైతొమ్మిది..."

వినోద పేక దూర్చి, నూలును దగ్గరికి నొక్కే ఇనుప పంజాతో గట్టిగా ఒక్క దెబ్బ వేసి, ఆయన వైపు చూడకుండానే అడిగింది.

"పూలమ్మొదినె కాడ మన దీప ఎన్నో తరగతికొచ్చింది?"

"ఎనిమిది. నలభైరెండు, నలభైమూడు, నలభై..."

లెక్క ఆగిపోయింది. వేలు పోగుల మధ్యనే ఉండిపోయింది. సదానందం తల ఎత్తలేదు. మెడ మీద నరం కొట్టుకోవడం వినోదకు కనిపించింది.

"ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నాడు చివరికి.

"నువ్వే చెప్పినవ్."

దొడ్డి గడపలో అలికిడైంది. చిన్ని నిలబడి ఉంది, చేతిలో తెరిచిన పుస్తకం. ఎప్పుడొచ్చిందో ఏమో. "అవ్వా" అంది తల్లిని చూస్తూ, "దీప అంటే నేనే కద?"

వినోద నోరు తెరిచింది. ఏడేళ్లుగా సులువుగా వచ్చిన అబద్ధం ఇప్పుడు రాలేదు. సదానందం మెల్లగా పోగుల్లోంచి వేలు తీసుకున్నాడు. భార్య వైపు చూడలేదు, చిన్ని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే వినోదను భయపెట్టింది.

"మీ అక్కను పూలమ్మత్తకు ఇస్తనని ఒప్పుకున్ననాడే నువ్వు అద్దాల పెట్టెలకెల్లి బయటికొచ్చినవ్ బిడ్డా" అన్నాడు. "ఇద్దరు దక్కుతరని ఎవ్వలు చెప్పలే నాకు."

చిన్ని పుస్తకం మూసింది. అట్ట మీద తాను గుండ్రంగా రాసుకున్న పేరును కాసేపు చూసి, దాని మీద బొటనవేలు పెట్టి కప్పేసింది.